నాన్న బస్సు కంటే ముందు

ఆయన్ని డిపోలో అందరూ బ్రేకు బాబాయి అంటారు. ఎదురుగా కాగితం ముక్క ఎగిరినా ఆయన కాలు బ్రేకు మీదకి పోతుందని ఆ పేరు. ఏళ్ల తరబడి సిటీ బస్సు నడిపిన మనిషి, కోడిపిల్లను కూడా తొక్కిన పాపాన పోలేదు. అలాగని గొప్ప నేర్పరి అనుకునేరు. ఆయన బండిని అంత పదిలంగా నడిపించింది నేర్పు కాదు, భయం. ఆ భయమే ఆయనకు డిపోలో మంచి పేరు తెచ్చింది. అందువల్ల భయపడటం తప్పని ఆయనకు ఎవరూ చెప్పలేదు, భార్య తప్ప.

భార్య ఇంట్లోనే కుట్టు మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా మొగుణ్ణి దెప్పగల మనిషి. ఇంట్లో ముగ్గురమే ఉన్నా ఈయన భయానికి ఇంకో గది కావాలి, అద్దె ఎవరు కడతారు అనేది. ఆయన నవ్వేవాడు. నవ్వుతూనే లేచి వెళ్లి గ్యాస్ స్టవ్ కట్టేశామో లేదో చూసి వచ్చేవాడు.

వాళ్లకు ఒక్కతే కూతురు. చిన్నప్పటి నుంచీ కాలు ఒక్కచోట నిలవదని పిట్ట అని పిలుచుకున్నారు. ఆ పిట్టకు చదువు అయిపోయాక ఎక్కడ లేని కోరికా పుట్టింది. అగ్నిమాపక దళంలో చేరతానంది. మంటలు ఆర్పే ఉద్యోగం అని వినగానే తండ్రికి ఆ పూట అన్నం సయించలేదు. రాత పరీక్ష పోతుందిలే అని మనసులో ధైర్యం చెప్పుకున్నాడు. అది కాస్తా గట్టెక్కింది. మిగిలింది పరుగు పరీక్ష. దానికి రోజూ తెల్లవారుతూండగా పరిగెత్తాలి.

ఆ ఊళ్లో పరిగెత్తడమంటే మాటలు కాదు. వేసవిలో రాత్రి కూడా చల్లబడదు. తెల్లవారుజామున గాలి తడిబట్టలా ఒంటికి అంటుకుంటుంది. ఉతికిన బట్ట ఆరదు, పట్టిన చెమటా ఆరదు. పులి మీద పుట్రలా దానికి తోడు పొగ. వీధి చివర ఇల్లు ఒక్కోరోజు కనబడేది కాదు. పొద్దున్నే ముక్కు తుడుచుకుంటే రుమాలు నల్లగా అయ్యేది.

పరిగెత్తొద్దని చెప్పే ధైర్యం ఆయనకు లేదు. భార్య ఊరుకోదు, పిట్ట అసలే ఊరుకోదు. అందుకని దారి నేను చూస్తానన్నాడు. సెలవు పెట్టి మరీ కూతుర్ని వెంటబెట్టుకుని ఊరంతా తిరిగాడు. కూతురికి సంబంధం చూసే తండ్రి కూడా అన్ని వంకలు పెట్టి ఉండడు. మెయిన్ రోడ్డు వద్దన్నాడు. తెల్లవారుజామున లారీ డ్రైవరు కళ్లు తెరుచుకునే నిద్రపోతాడు, ఆ సంగతి నీకు తెలీదు, నాకు తెలుసు అన్నాడు. పైగా అక్కడంతా పొగ అన్నాడు. అందులో సగం నీ బస్సుదే కదా నాన్నా అంది పిట్ట. కాలువ గట్టు మీద కుక్కలు ఉన్నాయన్నాడు. పై వంతెనకు అంచుగోడ పొట్టిగా ఉందన్నాడు. పార్కు పిట్టకు నచ్చింది. గాలి ఆడుతోంది, కుళాయి ఉంది, ఇదే పరీక్షకు తయారవుతున్న అమ్మాయిలు ఇద్దరు ముగ్గురు కనిపించారు కూడా. కానీ పార్కుకు వెళ్లాలంటే పెద్ద కూడలి దాటాలి. ఆ కూడలిలో ఆయన చూడకూడనివి చాలా చూశాడు. వాటి గురించి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజూ చెప్పలేదు, తల మాత్రం అడ్డంగా ఊపాడు.

చివరికి మూతపడిన నూలుమిల్లు వెనక సందు దొరికింది. రెండు వైపులా ఎత్తయిన గోడలు, మధ్యలో సిమెంటు దారి, పొడుగ్గా మలుపులు తిరుగుతూ పోతుంది. బళ్లు దూరకుండా సందు రెండు కొసల్లోని మొగల్లోనూ ఇనప స్తంభాలు పాతారు. ఆయన ఆ స్తంభాలను చేత్తో పట్టుకుని ఊపి చూశాడు. కదల్లేదు. ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

"ఇక్కడ గాలి ఆడట్లేదు నాన్నా" అంది పిట్ట.

"గాలి రాకపోతే పొగా రాదు. బండి రాదు, కుక్క లేదు. ఇంకేం కావాలమ్మా?"

బండి తిరగని దారి మంచి దారి అనుకున్నాడు. డ్రైవరు తప్ప మరొకరు చేయని పొరపాటు అది. చేపలు పట్టేవాడైతే నీళ్లకు భయపడేవాడు, కరెంటు పనివాడైతే తీగలకు భయపడేవాడు. ఈయన జీవితమంతా చక్రాలకు భయపడ్డాడు, కాబట్టి చక్రాలు లేని చోట చావు ఉండదనుకున్నాడు.

ఆ సందు ఆయనకు అంతగా నచ్చడానికి ఇంకో కారణం ఉంది. దాని ఒక మొగ డిపో రోడ్డు మీదకు, రెండోది ఆసుపత్రి రోడ్డు మీదకు తెరుచుకుంటాయి. ఆయన మొదటి ట్రిప్పు బస్సు డిపో నుంచి బయల్దేరి, మొదటి మొగ మీదుగా వెళ్లి, మార్కెట్టూ స్టేషనూ చుట్టబెట్టి ఆసుపత్రి రోడ్డు ఎక్కుతుంది. అంటే పిట్ట ఇటు ఒకసారి కనిపించి, సందులో పడి పరిగెత్తి, బస్సు చుట్టు తిరిగి వచ్చేసరికి అటు తేలవచ్చు. రెండు చోట్లా చెయ్యి ఎత్తి ఊపాలి. అదీ ఒప్పందం. ఈ ఏర్పాటుకు ఆయన ఎంత మురిసిపోయాడో చెప్పలేం. భార్య మాత్రం నోట్లోంచి సూదులు తీసి ఒకే మాట అంది.

"మీ భయం మీరు పడండి. దాని వీపుకు కట్టకండి."

మొదట్లో అంతా సాఫీగా సాగింది. పిట్ట మొదటి మొగలో చెయ్యి ఊపేది, రెండో మొగలోనూ ఊపేది. బస్సులో రోజూ ఎక్కేవాళ్లకు కూడా అది అలవాటైపోయింది. తెల్లవారుజాము బస్సులో ఎవరుంటారు? మార్కెట్టుకు పోయే బుట్టలవాళ్లు, స్టేషనులో ఊడ్చేవాళ్లు, పగటి డ్యూటీకి వెళ్లే పెద్ద నర్సమ్మ ఒకావిడ. కండక్టరమ్మ నోరున్న మనిషి. అదుగో అన్నా, నీ సిగ్నలు పడింది, ఇక పోనీ అనేది. అందరూ నవ్వేవాళ్లు.

కానీ రెండు మొగల మధ్య ఆయన ప్రాణం ఆయన దగ్గర ఉండేది కాదు. గుండె గుప్పెట్లో పెట్టుకుని నడిపేవాడు. గోడల వెనక ఏమవుతోందో కనబడదు. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా! మార్కెట్టు దగ్గర బుట్టలు దించుతుంటే ఆయనకు కాలు గాలిన పిల్లిలా ఉండేది. ఎవరూ లేని స్టాపుల్లో ఆగడం మానేశాడు. భయస్థుడి కాలు బ్రేకు మీదే ఉంటుందనుకుంటాం. ఆ రెండు మొగల మధ్య మాత్రం ఆయన కాలు యాక్సిలరేటరు మీద ఉండేది. రోజురోజుకూ బస్సు ఆసుపత్రి రోడ్డుకు కాస్త ముందే చేరడం మొదలైంది. ఆ సంగతి ఆయన గమనించలేదు. కండక్టరమ్మ గమనించి అడిగితే, రోడ్డు ఖాళీగా ఉందిలే అన్నాడు.

ఒకరోజు బస్సు చేరేసరికి రెండో మొగలో పిట్ట లేదు. ఆయన బస్సు ఆపేసి కూర్చున్నాడు. వెనక హారన్లు మోగినా కదల్లేదు. కాసేపటికి పిట్ట వచ్చి చెయ్యి ఊపాకే కదిలాడు. అప్పటికి స్టేషనులో ఎక్కినవాడొకడు డిపోకు ఫోను కొట్టాడు. మేనేజరు పిలిచి, ఇంకోసారి దారిలో బస్సు ఆపితే ఇంట్లో కూర్చోవలసి వస్తుందని మెమో చేతిలో పెట్టాడు. ఆయన ఇంట్లో చెప్పలేదు గానీ చొక్కా ఉతికే భార్యకు జేబులో అది దొరక్కుండా ఉంటుందా? పిట్టకూ తెలిసింది. ఆ తర్వాత పిట్ట ఎప్పుడూ ఆలస్యం కాలేదు. బస్సు ఎంత తొందరగా వచ్చినా రెండో మొగలో ఉండేది, ఎర్రబడిన మొహంతో, మోకాలి మీద ఒక చెయ్యి ఆనించుకుని, రెండో చెయ్యి పైకెత్తి. సాధన బాగా సాగుతోందని తండ్రి సంబరపడ్డాడు.

ఆ రోజు మాత్రం పొద్దు పొడవకముందే ఊపిరాడలేదు. ఆకాశం గిన్నె మీద మూతలా దించినట్టు ఉంది. ఎండలు ముదురుతున్నాయి, పెద్దలూ పిల్లలూ బయటికి రావొద్దని ముందు రోజే టీవీలో చెప్పారు. మానెయ్యమ్మా ఇవాళ్టికి అని తండ్రి అన్నాడు. పరీక్ష ముంచుకొస్తోంది నాన్నా, మెల్లగానే పరిగెత్తుతాలే అని పిట్ట అంది. మొదటి మొగలో చెయ్యి ఊపింది. ఊపింది గానీ ఆ ఊపులో హుషారు లేదనిపించింది ఆయనకు. ఆ క్షణం నుంచి ఆయన మనసు మనసులో లేదు.

బడులకు సెలవులు. రోడ్లు ఖాళీ. మార్కెట్టులో ఇద్దరే దిగారు. స్టేషనులో ఎవరూ ఎక్కలేదు. ఆయన బస్సును ఉరికించాడు. "అన్నా, మనకేమైనా మంట అంటుకుందా?" అంది కండక్టరమ్మ. ఆయన వినిపించుకోలేదు. పిట్టను చూడాలి. చూస్తే ఈ కంగారు తగ్గుతుంది. అంతకు మించి ఇంకేమీ తోచలేదు.

రెండో మొగలో పిట్ట లేదు.

ఇనప స్తంభాలు ఉన్నాయి, వాటి వెనక సిమెంటు దారి ఉంది, దారి మలుపు తిరిగి గోడ చాటుకు పోతోంది. అంతే. ఆయన బస్సు ఆపాడు. ఇవాళ తొందరగా వచ్చాం కదా, వస్తుందిలే అని ఎవరో అన్నారు. ఆయన మలుపు వైపే చూస్తున్నాడు. వెనక బండి హారను కొట్టింది. ఎంతసేపు చూశాడో ఆయనకే తెలియదు. హఠాత్తుగా హ్యాండ్ బ్రేకు లాగి, ఇంజను ఆపి కిందికి దూకాడు. డ్యూటీలో సీటు వదలడం ఆయన చరిత్రలో లేదు. కండక్టరమ్మ ఏమీ అడక్కుండా వెనకే దిగింది.

తను ఎంచిన దారిలో ఆయన అడుగుపెట్టి పరిగెత్తడం అదే మొదటిసారి. సీట్లో కూర్చుని కూర్చుని పెరిగిన పొట్ట, చెప్పుల కాళ్లు. మొదటి మలుపు దాటకముందే సంగతి తెలిసింది. గోడలు రాత్రంతా దాచుకున్న వేడిని వదులుతున్నాయి. గాలి పిసరంత కదలడం లేదు. గోడ అవతల ఎవరో చెత్త కాలుస్తున్నారు కాబోలు, ఆ కమురు వాసన సందులో దిగి, పోయే దారి లేక అక్కడే పడి ఉంది. పీల్చినకొద్దీ గొంతు మండుతోంది. నా బిడ్డను రోజూ ఈ పొయ్యిలోకి తోలానా అనుకున్నాడు. 

రెండో మలుపులో పిట్ట గోడకు చేరగిలబడి ఉంది. పడి ఉన్నా బాగుండేది. పడి లేదు. లేవబోతోంది, కాళ్లు నిలవక కూలబడుతోంది, మళ్లీ లేవబోతోంది. మోచేయి గీరుకుని నెత్తురు వస్తోంది. ఆయన భుజం పట్టుకున్నాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది. పిట్ట ఆయన మొహంలోకి చూసింది. ఆ చూపులో ఆయన లేడు.

"సార్, బస్సు వెళ్లిపోయిందా?" అంది.

"అమ్మా, నేనే తల్లీ."

"ఆగితే మెమో ఇస్తారు సార్. నన్ను వదలండి, నాన్న చూస్తాడు." చేతులు విదిలించుకుని పరిగెత్తబోయి ఆయన మీదే పడింది.

గుండె జారిపోవడం అంటే ఏమిటో అంతవరకూ తనకు తెలుసనుకున్నాడాయన. తెలియదు. ఇన్నాళ్లూ భయపడింది రాబోయే వాటికి. ఇది వచ్చేసింది, దీని మొహం తన మొహమే.

కండక్టరమ్మ కేకకు బస్సులోంచి పెద్ద నర్సమ్మ వచ్చేసరికి ఆయన కూతుర్ని ఎత్తుకోలేక ఎత్తుకుని నిలబడి ఉన్నాడు. నర్సమ్మ ఒక్క చూపు చూసి, వడదెబ్బ, మాటా పలుకూ వద్దు, బస్సెక్కించండి అంది. అందరూ తలో చెయ్యీ వేశారు. సీట్ల మధ్య పడుకోబెట్టారు. నర్సమ్మ పిట్ట బూట్లు ఊడదీయించి, అందరి దగ్గరున్న నీళ్లూ తెప్పించి మెడ మీద, చంకల్లో, తొడల మీద పోయించింది. కండక్టరమ్మ టికెట్ల సంచి పక్కన పడేసి కొంగుతో విసరడం మొదలుపెట్టింది. ఆసుపత్రి ఈ రోడ్డు చివరే.

"బాబాయ్, నువ్వు నడుపు" అంది నర్సమ్మ. "వెనక్కి చూడకు. ఇక్కడ నేనున్నాను."

ఆయన సీటెక్కాడు. తాళం తిప్పాడు. ఇంజను అందుకుంది. రోజూ పిట్టను చూడటం కోసం పరుగెత్తించిన బస్సు అది. ఇప్పుడు పిట్ట తన వెనకే, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది, చూడటానికి లేదు. ఎదుటి అద్దంలో వంగిన వీపులు తప్ప ఏమీ కనబడటం లేదు. ముందు పాలవ్యాను ఉంది, పక్క నుంచి సైకిలు వస్తోంది, అవతల ఎవరో ముసలాయన రోడ్డు దాటుతున్నాడు. వాళ్లందరికీ ఎవరో ఒకరు ఉంటారు. కళ్లు రోడ్డు మీద పెట్టి చెవులు వెనక పెట్టాడు.

పిట్ట మాటలు వినిపిస్తున్నాయి. వస్తున్నా, వస్తున్నా అంటోంది. ఆయనకు అదే ఊరట. మాట వినిపిస్తోంది కదా అనుకుంటూ గేరు మార్చాడు. పెద్ద కూడలి దగ్గరికి వచ్చేసరికి మాట ఆగిపోయింది.

నర్సమ్మ అమ్మాయ్, అమ్మాయ్ అని పిలుస్తోంది. చెంప మీద తడుతున్న చప్పుడు. జవాబు లేదు. ఎర్ర లైటు పడింది. ఆ కూడలి ఆయనకు తెలుసు. లారీలు అడ్డంగా పోతున్నాయి. ఎర్ర లైటులో దూకి పోతే లారీ తగలవచ్చు, దూకకపోతే వెనక ఏమవుతుందో. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆయన స్టీరింగు మీద తల ఆనించి పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఏడుస్తూనే బ్రేకు మీద కాలు గట్టిగా పెట్టి ఉంచాడు. పచ్చ లైటు పడ్డాకే కదిలాడు. ఆయన జన్మలో అంత పొడుగాటి ఎర్ర లైటు చూడలేదు.

ఆసుపత్రి మెట్లదాకా బస్సును తీసుకుపోయి నిలబెట్టాడు. స్ట్రెచరు వచ్చింది, పిట్ట లోపలికి వెళ్లిపోయింది, తలుపులు మూసుకున్నాయి. బస్సులోవాళ్లు ఒక్కరూ విసుక్కోలేదు. నడిచే వెళ్లిపోయారు. ఎవరో వెళుతూ ఆయన భుజం మీద చెయ్యి వేశారు. ఎవరో చూడలేదు.

భార్య వచ్చింది. మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది. దెప్పుతుందనుకున్నాడు. దెప్పలేదు. బెంచీ మీద పక్కన కూర్చుని ఆయన చేతిని తన ఒళ్లో పెట్టుకుంది. దానికి ఆయనకు ఇంకా భయమేసింది. డాక్టరమ్మ మధ్యలో ఒకసారి వచ్చి, మంచుతో ఒళ్లు చల్లబరుస్తున్నాం, వేడి దిగుతోంది, స్పృహ వచ్చాక గానీ ఏమీ చెప్పలేం, మూత్రపిండాలు కూడా చూడాలి అని చెప్పి వెళ్లింది. దిగుతోంది అన్న మాటను ఇద్దరూ పట్టుకుని కూర్చున్నారు. మిగతా మాటల జోలికి పోలేదు.

పొద్దు వాలుతుండగా లోపలికి రమ్మన్నారు. పిట్ట పెదాలు పగిలి ఉన్నాయి, చేతికి సెలైను ఎక్కుతోంది. తల్లిని చూసి అమ్మా అంది. తండ్రిని చూసి నాన్నా అంది. సార్ అనలేదు. ఆయన మంచం కోడు పట్టుకుని నిలబడ్డాడు.  గండం గడిచింది, ఇంకో రెండు రోజులు ఉంచుకుని పంపిస్తాం అని డాక్టరమ్మ చెప్పింది. పరీక్ష ఇప్పుడు కాదు, వచ్చే విడతలో చూసుకోమంది.

భార్య నీళ్లు తేవడానికి వెళ్లింది.  పిట్ట కళ్లు మూసుకునే, తప్పు చేసినదానిలా మెల్లగా మొదలుపెట్టింది. సందులో కళ్లు తిరిగాయట. కూర్చుందామనుకుందట. కానీ ఈ మధ్య బస్సు తొందరగా వచ్చేస్తోంది కదా, కూర్చుంటే అందదని కూర్చోలేదట. చాలా రోజులుగా సందులో ఎక్కడా ఆగడం లేదట, నీళ్లకు కూడా. నువ్వు భయపడి బస్సు ఆపితే నీకు మాట వస్తుందని అంది.

 తను తొందరపడింది పిట్ట కోసం, పిట్ట పరుగెత్తింది తన కోసం. ఇద్దరూ ఒకరినొకరు తరుముకున్నారు.

"బాగయ్యాక ఇంకాస్త పెందలాడే బయల్దేరతా నాన్నా" అంది పిట్ట. "అప్పుడు నీ బస్సు ఎంత తొందరగా వచ్చినా నేనే ముందుంటా. నీకు కంగారుండదు."

ఆయన స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. ఎన్నడూ ఏ దారి గురించీ ఆయన నోటి నుంచి రాని మాట వచ్చింది.

"దారి నువ్వే చూసుకో. మీ అమ్మకు చెప్పి వెళ్లు. నాకు చెప్పకు."

పిట్ట కళ్లు తెరిచి చూసింది. "తెలీకపోతే నీకు భయమెయ్యదా?"

"వేస్తుంది" అన్నాడు ఆయన. దాచుకోకుండా ఏడుస్తున్నాడు. "వెయ్యనీ. అది నాదమ్మా. నువ్వు ఆయాసమొస్తే కూర్చో."